పెరటి కోడికి వయసును బట్టి దాణా

నాగిరెడ్డిపేట: పిల్లకు, పెట్టకు ఒకే బస్తాలోని దాణా వేయడం పెరటి కోళ్ల పెంపకంలో తరచూ జరిగే పొరపాటు. గుడ్ల కోడి దాణా తిన్న పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. కేవలం నూకలు, వడ్లతో సరిపెట్టిన పెట్టలు తోలుగుడ్లు పెడతాయి. పోచారం ప్రాజెక్టు కింద వరి పండే ఈ మండలంలో నూకలు, తవుడుకు కొదవ లేదు. అయితే ఏ వయసులో ఏది, ఎంత వేయాలో తెలిసినప్పుడే పెంపకందారులకు నాలుగు గుడ్లు మిగులుతాయి.

పిల్ల దశ (ఆరు వారాల వరకు)

ఈ దశలో ఎదుగుదల వేగంగా ఉంటుంది. దాణాలో మాంసకృత్తులు సుమారు 20 శాతం, కాల్షియం ఒక శాతం ఉండాలి. మార్కెట్‌లో దీనిని చిక్ మ్యాష్ అంటారు. మొదటి వారంలో ఒక్కో పిల్ల రోజుకు సుమారు 10 గ్రాములు తింటుంది. నూకలు మాత్రమే వేస్తే మాంసకృత్తులు చాలక ఈకలు సరిగా రావు, పిల్లలు గిడసబారుతాయి.

ఎదిగే దశ (ఏడో వారం నుంచి తొలి గుడ్డు వరకు)

మాంసకృత్తులు 16 శాతం ఉన్న గ్రోయర్ దాణా సరిపోతుంది. కాల్షియం ఒక శాతం దాటనవసరం లేదు. త్వరగా గుడ్లు పెడతాయన్న ఆశతో లేయర్ దాణా ముందుగానే మొదలుపెట్టరాదు. అందులో కాల్షియం మూడు శాతానికి పైగా ఉంటుంది. గుడ్డు పెట్టని కోడికి అది భారమై, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై తెల్లగా పేరుకుపోతుంది.

గుడ్ల దశ

రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అయిదున్నర నుంచి ఆరు నెలల వయసులో గుడ్లకు వస్తాయి. నాటు పెట్టలకు మరికొంత సమయం పడుతుంది. తురాయి ఎర్రబారడం గుడ్డుకు వస్తున్నదనడానికి గుర్తు. ఒక్కో గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం అవసరం. మేతలో అది దొరకకపోతే కోడి తన ఎముకల నుంచి తీసి ఇస్తుంది. దానితో క్రమంగా కాళ్లు బలహీనపడతాయి.

ఇంటి వద్దే పది కిలోల లేయర్ దాణా కలుపుకోదలచినవారు మక్కలు 5 కిలోలు, సోయా చెక్క 2.2 కిలోలు, తవుడు 1.7 కిలోలు, సున్నపురాయి పొడి 850 గ్రాములు, డైకాల్షియం ఫాస్ఫేట్ 150 గ్రాములు, ఖనిజ విటమిన్ మిశ్రమం 70 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు వాడవచ్చు. సున్నపురాయి పొడి అంటే గోడలకు వేసే సున్నం కాదు. అది వేస్తే నోరు, పేగులు కాలిపోతాయి.

అన్ని వయసులవీ కలిసి తిరిగితే

పల్లెల్లో తల్లి, పిల్లలు, పుంజులు ఒకేచోట మేస్తాయి. అలాంటప్పుడు అందరికీ గ్రోయర్ దాణా వేసి, ఆల్చిప్పల పొడిని వేరే మూకుడులో ఉంచాలి. గుడ్లు పెట్టే పెట్టలు అవసరం మేరకు తింటాయి. చిక్ మ్యాష్‌ను గంప కింద పెట్టి, ఆ గంపను మూడు రాళ్లపై ఎత్తి ఉంచితే పిల్లలు మాత్రమే లోపలికి దూరి తింటాయి.

ఆరుబయట తిరిగే పెద్ద కోళ్లకు సాయంత్రం గూటికి చేరే వేళ 30 నుంచి 50 గ్రాముల దాణా వేస్తే చాలు. కోతల తర్వాత రాలిన గింజలు, వానల్లో పురుగులు దొరుకుతాయి. ఎండాకాలంలో రెండూ తగ్గుతాయి కనుక అప్పుడు పరిమాణం పెంచాలి. గూట్లోనే ఉంచి పెంచితే గుడ్ల కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాములు అవసరం.

జాగ్రత్తలు

* ఒక దాణా నుంచి మరో దాణాకు వారం రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

* బూజు పట్టిన మక్కలు వేయరాదు. అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కడిగినా, ఎండబెట్టినా పోదు. గింజలో తేమ 12 శాతం మించకుండా ఆరబెట్టి, బస్తాలను చెక్కపలకలపై నిల్వ చేయాలి.

* మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీరు తగ్గితే మేత తగ్గుతుంది, గుడ్లూ తగ్గుతాయి.

* దాణా సరిగా వేసినా తోలుగుడ్లు ఆగకపోతే రోగం కారణం కావచ్చు. సమీప పశువైద్యశాలలో చూపించాలి.