రెక్క చివర ఆ వంపు ఎందుకు?

మస్కట్‌లో విమానం ఎక్కాక కిటికీ సీటు దొరికితే, రెక్క చివర ఓసారి చూడండి. చాలా విమానాలకు అక్కడ పైకి లేచిన ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని వింగ్‌లెట్ అంటారు. "సోకు కోసం పెట్టారులే" అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు కథ చమురుది, అందులో మనమూ ఉన్నాం.

1973 అక్టోబరు యుద్ధం తర్వాత అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. కొన్ని నెలల్లోనే పీపా ధర 3 డాలర్ల దగ్గర్నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకింది. ఒమన్ 1967 నుంచే చమురు అమ్ముతోంది. ధర పెరిగేసరికి ఇక్కడా రోడ్లు, రేవులు, ఆస్పత్రుల పనులు ఊపందుకున్నాయి. పనిచేసే చేతులు కావాల్సి వచ్చాయి. మనవాళ్లకు గల్ఫ్ దారి తెరుచుకున్నది అలాగే.

అదే ధర విమాన కంపెనీలకు చుక్కలు చూపించింది. అప్పుడే నాసా ఇంజనీరు రిచర్డ్ విట్‌కమ్ రెక్క చివర మీద దృష్టి పెట్టాడు. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి చివర నుంచి పైకి జారి సుడి తిరుగుతుంది. ఆ సుడి వల్ల విమానం వెనక్కి లాగినట్టవుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది. చివర పలక నిలబెట్టాలన్న ఆలోచన పాతదే. విట్‌కమ్ ఆ పలకను చిన్న రెక్కలా మలిచాడు. 1979-80లో ఒక సైనిక విమానానికి బిగించి చూస్తే, అదే ఇంధనంతో 7 శాతం దాకా ఎక్కువ దూరం వెళ్లొచ్చని తేలింది.

మరి సోకు సంగతి? బోయింగ్ 737కి ఈ వంపు రెక్కలు ముందు వచ్చింది ధనవంతులు కొనుక్కునే సొంత విమానాల మీద. అక్కడ ప్రత్యేకంగా కనిపించడం కూడా ముఖ్యమే. 2001 నుంచి మామూలు ప్రయాణికుల 737లకూ వచ్చాయి. దూర ప్రయాణంలో 4 శాతం దాకా ఇంధనం మిగులుతుంది. సలాలా లాంటి దగ్గరి ప్రయాణంలో లాభం తక్కువ, ఎందుకంటే ఆ ముక్క బరువు కూడా మోయాలి కదా.

సోకే ముఖ్యమైతే ఒమన్ ఎయిర్ 787కీ ఆ ముక్క ఉండాలి. లేదు! దాని రెక్క చివర సన్నగా వెనక్కి వాలి ఉంటుంది. రెక్క పొడవు పెంచినా సుడి నష్టం తగ్గుతుంది. పెద్ద విమానం నిలిపే చోట అంత జాగా ఉంటుంది. 737, ఎ320 నిలిపే చోట రెక్కల వెడల్పు 36 మీటర్లు దాటకూడదు. వింగ్‌లెట్లతో కలిపి 737-800 వెడల్పు 35.8 మీటర్లు. పక్కకు జాగా లేక పైకి లేపారన్నమాట, మన ఊళ్లో స్థలం చాలక మేడ మీద మేడ కట్టినట్టు.

మరి ఆ మిగులు మన టికెట్‌లో కనిపిస్తుందా? సంక్రాంతికి, సెలవులకు టికెట్ కొన్నవాళ్లకు జవాబు తెలుసు. ఇంధనం ఖర్చు కంపెనీ లెక్క. మన దగ్గర తీసుకునే ధరను ఎక్కువగా తేల్చేది రద్దీ. అందుకే సెలవు తేదీ ఖాయం కాగానే టికెట్ చూసుకోండి. రెక్క వంపు కంపెనీకి మిగిలిస్తుంది, ముందుచూపే మనకు మిగిలిస్తుంది.