కువైట్‌లో ఏ పార్టీ ఉండాది?

సెలవు మీద రాయచోటికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "ఏం అల్లుడూ, మీ కువైట్‌లో ఇప్పుడు ఏ పార్టీ ఉండాది?" ఏ పార్టీ లేదు మామా అంటే నమ్మరు. ఎన్నికలు మాత్రం జరిగేవి అంటే అసలు నమ్మరు. రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి పక్క కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. అయినా దినారు రేటు తెలిసినంతగా ఆ దేశం కథ మనకు తెలియదు.

కువైట్‌ను పద్దెనిమిదో శతాబ్దం నడుమ నుంచి అల్ సబాహ్ కుటుంబం ఏలుతోంది. చమురు పడకముందు ఆ ఊరు ముత్యాల మీద, పడవల మీద బతికింది. పడవలు వర్తకులవి. ఖజానాకు డబ్బు వాళ్ల నుంచే రావాలి కాబట్టి పాలకుడు వాళ్ల మాట వినక తప్పేది కాదు. షేక్ ముబారక్ అని ఒకాయన 1896లో ఇద్దరు సవతి సోదరులను హతమార్చి గద్దెనెక్కాడు (సీమవాళ్లకు ఈ భాగం వివరించి చెప్పనక్కర్లేదు). అంతటి మొండి మనిషి కూడా 1910 ప్రాంతంలో పన్నుల భారం భరించలేక పెద్ద ముత్యాల వర్తకులు కొందరు బహ్రెయిన్ దారి పడితే, రాయబారం పంపి బతిమాలి వెనక్కి పిలిపించుకున్నాడు.

1938లో ఆ వర్తక కుటుంబాలే 14 మందితో ఒక చట్టసభను ఎన్నుకున్నాయి. రాబడి, ఖర్చు లెక్క తమ చేతికి రావాలన్నాయి. అదే ఏడాది బుర్గాన్ దగ్గర చమురు పడింది. డిసెంబరు వచ్చేసరికి సభ రద్దయింది. 1946లో మొదటి చమురు ఓడ బయల్దేరాక ఇక వర్తకుల పన్నుతో పాలకుడికి పనే లేకుండా పోయింది. ఆయనే వాళ్లకు కాంట్రాక్టులు, స్థలాలు ఇచ్చే స్థితికి వచ్చాడు. కువైట్ రాజకీయం అర్థం కావాలంటే ఈ ఒక్క మలుపు తెలిస్తే చాలు. తర్వాత జరిగిందంతా దీని నుంచే వచ్చింది.

1961లో బ్రిటిష్ వాళ్ల రక్షణ ఒప్పందం ముగిసింది, 1962లో రాజ్యాంగం వచ్చింది, 1963లో జాతీయ సభకు మొదటి ఎన్నికలు జరిగాయి. సభలో ఎన్నికైన సభ్యులు 50 మంది ఉండేవారు. ప్రధానిని అమీర్ నియమిస్తాడు, ఆ ప్రధాని పాలక కుటుంబం మనిషే. మంత్రులు ఎన్నిక కాకపోయినా సభలో కూర్చుని ఓటు వేసేవారు. పార్టీలు పెట్టుకోవచ్చని రాజ్యాంగం చెప్పలేదు, కూడదనీ చెప్పలేదు. చట్టం ఇంతవరకు రాలేదు. సిడ్నీ ఒపెరా హౌస్‌ను రూపొందించిన యోర్న్ ఉట్జోన్ చేతే ఆ చట్టసభకు అందమైన భవనం కట్టించారు. ముందు భాగం కప్పు గుడారం గుడ్డలా వేలాడుతుంది. 1953లో మన కర్నూలు రాజధాని నిజం గుడారాల్లో నడిచింది. అందులో కూర్చున్న ప్రభుత్వాన్ని మాత్రం సభ ఓటుతో దించగలిగింది, ఏడాది దాటిన కొద్దికాలానికే ప్రకాశం పంతులు దిగిపోవాల్సి వచ్చింది.

పార్టీ ఆఫీసు లేని చోట రాజకీయం యాడ జరుగుతుంది? దివానియాలో. నేను కొత్తలో పనిచేసిన ఇంట్లో పెద్ద దివానియా ఉండేది. మూడు గోడల వెంట ఎత్తు తక్కువ సోఫాలు, నడుమ ఖాళీ. రాత్రి ఎనిమిది దాటాక మగవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. వచ్చినవాడు కుడివైపు నుంచి మొదలుపెట్టి అందరి చేతులూ కలుపుకుంటూ పోయి, సందున్న చోట కూర్చుంటాడు. పిడి లేని చిన్న కప్పులో యాలకుల కాఫీ పోయడం నా పని. చాలు అని నోటితో అనరు, కప్పును రెండుసార్లు అటూ ఇటూ ఆడిస్తారు. అంతవరకు పోస్తూనే ఉండాలి. ఎన్నికలప్పుడు ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు అభ్యర్థులు వచ్చిపోయేవారు. ఎవరికీ జెండా లేదు, గుర్తు లేదు. జనం అడిగేవి మాత్రం మనం అడిగేవే: కొడుకుకు ఉద్యోగం, ఇంటి కేటాయింపు, తల్లిని ప్రభుత్వ ఖర్చుతో విదేశాల్లో వైద్యానికి పంపడం.

జెండా లేకపోయినా సిద్ధాంతాల కొట్లాట లేదనుకోవద్దు. మొదటి సభలో పాలకులను ఇబ్బంది పెట్టింది అరబ్ జాతీయవాదులు. వాళ్ల నాయకుడు డాక్టర్ అహ్మద్ అల్ ఖతీబ్ బేరూత్‌లో వైద్యం చదువుతూ పాలస్తీనావాడైన జార్జ్ హబష్‌తో కలిసి అరబ్ జాతీయోద్యమాన్ని మొదలుపెట్టినవాడు. వీళ్లకు విరుగుడుగా 1960లు, 70లలో ఎడారి తెగల వాళ్లకు పెద్ద ఎత్తున పౌరసత్వం ఇచ్చారు, మతవాదులను చేరదీశారు. 1976లో ఒకసారి, 1986లో ఇంకోసారి సభను మూసేశారు. 1981లో తిరిగి తెరిచినప్పుడు 10 నియోజకవర్గాలను 25 చేశారు, తెగల బలం పెరిగేటట్టు.

1990 ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చిపడింది. మన దేశస్తులు లక్షకు పైగా కట్టుబట్టలతో అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరిన సంగతి మన ఊళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. అదే ఏడాది అక్టోబరులో జెద్దాలో ప్రవాసంలో ఉన్న పాలకులు ప్రతిపక్షంతో కూర్చుని, దేశం తిరిగొస్తే 1962 రాజ్యాంగాన్ని నిలబెడతామని మాటిచ్చారు. దేశం తిరిగొచ్చాక 1992లో ఎన్నికలు పెట్టారు. ముస్లిం బ్రదర్‌హుడ్ మనుషుల 'హదస్', సలఫీలు, షియాల కూటమి, ఉదారవాదుల డెమోక్రటిక్ ఫోరం, ఇవన్నీ బయటపడి పనిచేయడం ఆ రోజుల్లోనే మొదలైంది. 2005లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది, 2009లో నలుగురు గెలిచారు.

తెగలవాళ్లు రహస్యంగా సొంత ముందస్తు ఎన్నిక పెట్టుకుని, తమ ఓట్లు చీలకుండా మనిషిని ఖాయం చేసుకునేవారు. 1998లో దాన్ని నేరం చేశారు, అయినా ఆగలేదు. ఇందులో తమాషా ఏమంటే, పాలకులు రక్షణగా తెచ్చుకున్న తెగల్లోంచే తర్వాత గట్టి ప్రతిపక్షం పుట్టింది. ముతైర్ తెగకు చెందిన ముసల్లం అల్ బర్రాక్ 2012 ఫిబ్రవరిలో 30 వేలకు పైగా ఓట్లతో రికార్డు సృష్టించాడు. అమీర్‌ను విమర్శించినందుకు రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ 2012 ఎన్నికల తర్వాత ఓటరుకు ఉన్న నాలుగు ఓట్లను ఒక్కటికి తగ్గిస్తూ ఆజ్ఞ వచ్చింది. నాలుగు ఓట్లుంటే నీ ఓట్లు నాకు, నా ఓట్లు నీకు అని అభ్యర్థులు కూటమి కట్టగలరు. ఒక్క ఓటుతో ఎవడికి వాడే. పార్టీకి దగ్గరగా ఉన్న ఆ ఒక్క సాధనమూ అట్లా పోయింది.

2020 డిసెంబరు నుంచి 2024 ఏప్రిల్ లోపల నాలుగు ఎన్నికలు జరిగాయి. సభ్యులు మంత్రులను ప్రశ్నలతో నిలదీయడం, మంత్రివర్గం రాజీనామా చేయడం, మళ్లీ పాలక కుటుంబం వాడే ప్రధాని కావడం, ఇదే వరస. 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ సభను రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణలను నాలుగేళ్లకు మించకుండా నిలిపేశాడు. సభ్యుల గొడవతో దేశం ముందుకు పోవడం లేదని, ఈ రద్దుకు మురిసినవాళ్లు కువైటీల్లోనూ ఉన్నారు. వాళ్లది పూర్తిగా తప్పనలేను. ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశమే లేని సభ్యుడికి అడ్డుపడటం తప్ప ఇంకేం పని మిగులుతుంది?

మన పార్టీలు గొప్పవని చెప్పడం నా ఉద్దేశం కాదు. సీమలో ఊరికి రెండు వర్గాలు ముందే ఉన్నాయి, పార్టీలు తర్వాత వచ్చాయి. ఒకరు కాంగ్రెస్‌లో ఉంటే ఎదుటివారు కమ్యూనిస్టులనో, 1982 తర్వాత తెలుగుదేశాన్నో పట్టుకున్నారు. సిద్ధాంతం ఎవరూ అడగలేదు. పులివెందుల వైఎస్ రాజశేఖరరెడ్డి 1978లో మొదటిసారి గెలిచింది రెడ్డి కాంగ్రెస్ నుంచి. కుప్పం చంద్రబాబు తెలుగుదేశానికి రాకముందు కాంగ్రెస్ మంత్రి. ఈ రోజుకూ మన పార్టీలు కుటుంబాల ఆస్తులే. అయినా 2019లో ఉమ్మడి కడపలో 10కి 10, కర్నూలులో 14కి 14 వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చిన జనమే 2024లో ఆ 24లో ఐదింటితో సరిపెట్టారు. కువైటీ ఓటరు ఎన్నిసార్లు ఓటేసినా చేయలేకపోయింది ఇదే.

ఇక కువైట్‌లో మనవాళ్ల సంగతి. ఆ దేశ పౌరులకు లేని పార్టీలు మనకు మూడున్నాయి: తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, జనసేన. శుక్రవారం మనవాళ్లు చేరే మాలియాలో నాయకుల పుట్టినరోజు కబుర్లు వినాలి! ఓటు మాత్రం అక్కడా లేదు, ఇక్కడా దాదాపు లేదు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఫారం 6ఏతో ఓటు నమోదు చేసుకునే వీలు 2011 నుంచి ఉంది, కానీ పోలింగ్ రోజు సొంత బూత్‌కు వచ్చి వేయాలి. నెలకు వంద దినార్ల జీతగాడు విమానం టికెట్టు కొని రాడు. ప్రతినిధి ద్వారా ఓటు వేయించుకునే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది, సభ గడువు తీరి అది 2019లో మురిగిపోయింది. ఈసారి మీ ఇంటికి ఓటు అడగడానికి ఏ పార్టీ మనిషి వచ్చినా, ఆ బిల్లు మళ్లీ ఎప్పుడు పెడతారో అడగండి.