హీటర్ ఫ్యాన్‌కి దారేది?

నవంబరు నెల. సాయంత్రం నాలుగు దాటింది. స్కాట్లండ్‌లో ఆ వేళకే పొద్దు గూకిపోతుంది. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియమ్ వెళ్ళే ఏ82 రోడ్డు మీద, రానక్ మూర్ అనే బీడు నడిమధ్యన, పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను ఒకటి దేకుతోంది. 1986 మోడల్. జర్మనీలో దాన్ని టీ3 అంటారు, బ్రిటన్‌లో టీ25, అమెరికాలో వానగన్. సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన, చెట్టన్నది లేని చోట, వానా మంచూ కలిసి ఏటవాలుగా కొడుతున్నాయి. ముందు అద్దం బయటివైపు వైపర్లు వాటి పని అవి చేస్తున్నాయి. చిక్కంతా లోపలివైపు. లోపలున్న ముగ్గురి ఊపిరీ అద్దానికి పట్టి తెల్లటి తెరలా కమ్మేసింది.

"మావయ్యగారూ, ఆ గుడ్డ ఇంకోసారి..."

"తుడుస్తూనే ఉన్నా బాబూ. తుడిచినంతసేపే కనపడుద్ది."

నడుపుతున్నది గ్లాస్గోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అల్లుడు. పక్కన మంకీ క్యాప్‌లో మామగారు. గుడివాడ డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, కూతుర్ని చూడడానికి వచ్చారు. వెనక సీట్లో కూతురు. పేర్లు రాయొద్దన్నారు కనుక రాయడం లేదు. ఆ రాత్రి, ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో ముగ్గురూ విడివిడిగా చెప్పినదాన్ని కలిపి అల్లిన కథనం ఇది. ఒకరు చెప్పిందాన్ని మరొకరు కాదన్న చోట నేను కూతురి మాటే నమ్మాను.

గుడ్డ తడిసి ముద్దయ్యాక మామగారు వేపుడుకని తెచ్చిన బంగాళాదుంప అడిగి తీసుకున్నారు. సగానికి కోసి, కోసిన ముఖంతో అద్దం లోపలంతా రుద్దారు. వైపరు పాడైన బస్సుల్లో డ్రైవర్లు వానాకాలం అద్దానికి పొగాకు రుద్దేవారట. పొగాకు లేదు గనక దుంప. కొన్ని మైళ్ళు ఆ దుంపే నడిపించింది. రోడ్డు పక్కన నిలబడ్డ దుప్పి చివరి క్షణంలో కనపడేసరికి అల్లుడికి చెమట పట్టింది. కాస్త ముందుకెళ్ళి, రోడ్డు వారన బళ్ళు ఆపుకునే చోట ఆపేశాడు.

ఇలాంటి గాథల్లో ఈపాటికి తోడేళ్ళు కూయాలి. స్కాట్లండ్‌లో తోడేళ్ళు అంతరించి శతాబ్దాలైంది. భయం వేరే వైపు నుంచి వచ్చింది.

"చలి కోసేస్తంది అమ్మాయ్. ఆ గ్యాసు పొయ్యి రెండువైపులా వెలిగించు. పావుగంటలో వెచ్చబడుద్ది" అన్నారు మామగారు.

"వద్దు నాన్నా."

"ఏం? కిటికీలు మూసేసుంటే..."

"మూసేసుంటేనే వద్దనేది."

ఆ అమ్మాయి ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేస్తుంది. మూసిన గదిలో మంటకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటుని అది 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ మగతలోనే ప్రాణం పోవడం. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉంటారు. పైగా కిలో గ్యాసు మండితే కిలోన్నర దాకా నీటి ఆవిరి వస్తుంది. అంటే ఉన్న తేమ చాలదన్నట్టు మళ్ళీ అద్దం మీదికే. కూతురు ఇవన్నీ చెప్పలేదు. సీలింగుకి బిగించిన అలారం వైపు చూపించి, "అది మోగేదాకా ఆగొద్దు" అంది.

టీ మాత్రం పెట్టుకున్నారు, పైకప్పు కిటికీ తెరిచి. మంట వత్తిలాగా వెలిగింది. సిలిండర్లో ఉన్నది ఉత్త బ్యూటేన్. సున్నా డిగ్రీలకు చేరువైతే అది ఆవిరవడానికే మొరాయిస్తుంది. మన వంటింటి సిలిండర్లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ఇక్కడ తెలిసినవాళ్ళు చలికాలానికి ప్రొపేన్‌కి మారిపోతారు. టీ మరగడానికి పట్టిన సేపులో మామగారు విచారణ మొదలుపెట్టారు.

"ఫ్యాను ముందు ఏ స్పీడు పోయింది?"

"ఒకటీ రెండూ ఒకేసారి పోయాయండీ. మూడు పనిచేసేది."

"అంతకుముందు కీచుమనేదా?"

"పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు. తుప్పు వదిలించే స్ప్రే ఉంటుంది కదా, గాలి వచ్చే సందులోంచి కొట్టాను. పోయింది."

"పోలేదు బాబూ. నోరు మూసుకుంది."

అల్లుడు ఏమీ అనలేదు.

"తరవాత ఫ్యూజు పోయుంటది."

"అవునండీ. మార్చాను. మళ్ళీ పోయింది. పెద్ద ఫ్యూజు వేద్దామనుకున్నాను..."

"వెయ్యలేదు కదా?"

"లేదు."

"బతికించారు."

చీకట్లో, ఒక్క స్క్రూ విప్పకుండా, రోగం పట్టేశారాయన. ఇలాంటి మోటార్లో ఇరుసు రెండు చివర్లా కంచుపొడితో ఒత్తిన బుష్షుల్లో తిరుగుతుంది. ఆ బుష్షు నూనె పీల్చుకుని ఉంటుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. అది ఎండితే కీచుమంటుంది. స్ప్రే కొడితే అరుపు ఆగుతుంది గానీ మిగిలిన నూనె కాస్తా కడుక్కుపోతుంది. ఎండిన మోటారు బరువుగా తిరుగుతుంది, బరువుగా తిరిగేది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒకటి, రెండు స్పీడ్లకి కరెంటు ఒక రెసిస్టర్ గుండా పోతుంది, మూడుకి నేరుగా. అందుకని ముందు రెసిస్టరు కాలిపోయింది, మూడు మిగిలింది. చివరికి మోటారే పట్టేసింది, ఫ్యూజు ఎగిరింది. అక్కడ పెద్ద ఫ్యూజు వేసుంటే తరవాత కాలేది డాష్‌బోర్డు వెనక వైరు. అదీ గ్యాసు సిలిండరున్న బండిలో.

ఆయన జన్మలో హీటరు ముట్టుకోలేదు. గుడివాడ బస్సుకి హీటరెందుకు? కానీ వైపర్ మోటార్లు ఆయన విప్పినన్ని ఎవరూ విప్పి ఉండరు.

రాత్రి ఉన్న రగ్గులన్నీ కప్పుకుని గడిపారు. తెల్లారాక వాన వెలిసింది. కిటికీలు సగం దించుకుని, వణుక్కుంటూ గ్లాస్గో చేరారు. బండి పరుగెడుతుంటే ఎదురుగాలికి హీటర్లోంచి కాస్త వెచ్చదనం వచ్చేదట, సిగ్నల్ దగ్గర ఆగితే అదీ పోయేది. ఇంజను ఈ బండికి వెనక ఉంటుంది. వేడినీళ్ళు గొట్టాల్లో బండి పొడవునా ముందుకొచ్చి హీటర్ని కాగబెడుతూనే ఉన్నాయి. ఆ వేడిని ఊదేవాడే లేడు.

అసలు కథ ఇంటి ముందు మొదలైంది.

"ఎంతసేపు పని బాబూ?"

"ఫ్యాను మార్చడం అరగంట పని మావయ్యగారూ. ఫ్యాను దాకా వెళ్ళడమే..."

స్టీరింగు తియ్యాలి. మీటర్ల పెట్టె తియ్యాలి, దాని వెనక స్పీడోమీటర్ కేబులు ఊడదియ్యాలి. తరవాత డాష్‌బోర్డు మొత్తం. దాని వెనక, మధ్యలో, హీటరు పెట్టె. ఆ పెట్టె లోపల ఫ్యాను. కట్టినవాళ్ళు ముందు ఫ్యాను పెట్టి చుట్టూ బండి కట్టారేమో అన్నారు మామగారు. 40 ఏళ్ళ ప్లాస్టిక్కు చలికి పెంకులా విరిగిపోతుందని, ప్రతి క్లిప్పునీ కూతురి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి ఊడదీశారు. ఊడదీసిన వైరుకల్లా కూతురు కాగితం ముక్క అంటించి క, ఖ, గ, ఘ అని రాసింది. 'ఙ' దగ్గర ముగ్గురూ ఆగి నవ్వుకున్నారట.

ఒకచోట మాత్రం పెద్దాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. మోటారుకి పోయే వైర్లలో గోధుమరంగుది ఒకటుంది. ఆయన నేర్చుకున్న లూకాస్ పద్ధతిలో గోధుమరంగంటే ఫ్యూజు కూడా అడ్డం లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎర్తు నలుపు. జర్మన్ బళ్ళలో గోధుమరంగే ఎర్తు. టెస్ట్ ల్యాంపు పెట్టి చూశారు. వెలగలేదు. మళ్ళీ పెట్టారు.

"ఇదెక్కడి చోద్యం అల్లుడుగారూ! నలభై ఏళ్ళు భయపడిన రంగు ఇది" అంటూ, ఆ తరవాత ప్రతి వైరునీ ల్యాంపుతో అడిగిగానీ ముట్టుకోలేదు.

నీళ్ళ గొట్టాలకి క్లాంపులు వేసి నొక్కి, పెట్టె బయటికి లాగారు. చుట్టూ ఉన్న ఇనప క్లిప్పులు విప్పితే రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల ఎన్ని శరత్కాలాలవో ఎండుటాకులు. గాలి తలుపులకి అతికించిన స్పాంజి పొడిపొడై రాలింది. ఫ్యాన్ని వేలితో తిప్పితే పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇరుసు దగ్గర కాఫీపొడి రంగు మసి.

అల్లుడు అప్పటికే ఊహించుకున్నాడు: మావయ్యగారు ఇప్పుడు మోటారు విప్పుతారు, బుష్షుకి నూనె పడతారు, కార్బన్ బ్రష్షులు అరగదీసి సరిచేస్తారు. ఫోటోలు తీయడానికి ఫోను కూడా సిద్ధం చేశాడు.

"కొత్తది తెప్పించండి" అన్నారాయన.

"బాగుచెయ్యలేమా?"

"ఎందుకు చెయ్యలేం? రేపటికి తిరుగుద్ది. రెండేళ్ళకి మళ్ళీ కీచుమంటది. అప్పుడు ఇదంతా ఎవడు విప్పుతాడండీ? మా డిపోలో వైపర్ మోటారంటే పైన నాలుగు బోల్టులు. నూనె పోసి బిగించేవాళ్ళం, మళ్ళీ అరిస్తే మళ్ళీ పోసేవాళ్ళం. ఇక్కడ మోటారు ఖరీదు చూడకూడదు, మోటారు దాకా వచ్చిన ఖరీదు చూడాలి. రెసిస్టరూ కొత్తదే తెప్పించండి. స్పాంజీ కొత్తదే."

పార్సిలు వచ్చేదాకా డాష్‌బోర్డు హాల్లో సోఫా మీద, ఇంటికొచ్చిన చుట్టంలా కాళ్ళు బారజాపుకుని పడుకుంది. ముగ్గురూ కింద కూర్చుని టీవీ చూశారు. ఈలోగా పెద్దాయన ఊరుకోలేదు. పాత మోటారు విప్పి, బుష్షుల్ని వేడి మోటారాయిల్లో ఒక రాత్రంతా నానబెట్టారు. కూతురు కొబ్బరినూనె ఇవ్వబోతే, "అది ఈ చలికి సబ్బు ముక్కమ్మా" అన్నారు. గిన్నె మాత్రం కూతురు వెనక్కి తీసుకోలేదు.

కొత్త మోటారు వచ్చాక బిగించడం త్వరగానే అయింది, క ఖ గ ఘల పుణ్యమా అని. కానీ గొట్టాలు ఊడదీసిన పాపానికి నీళ్ళలో గాలి చేరింది. ఈ బండిలో నీళ్ళు 17 లీటర్ల దాకా పడతాయి. ముందు నుంచి వెనక్కి అంత దూరం పోయే గొట్టాల్లో గాలిబుడగ చిక్కుకుంటే హీటరు చల్లగానే ఉంటుంది, ఇంజను మాత్రం కాగిపోతుంది. ముందు చక్రాలు ఎత్తి, ఇంజన్ని 2,000 చుట్ల మీద ఉంచి, రేడియేటరు నెత్తినున్న స్క్రూ వదులు చేశారు. బుసబుసమని గాలి, ఆ తరవాత నీళ్ళు. చేతిమీద పడిన నీటిబొట్టుని పెద్దాయన తుడిచేసి, "పిల్లలున్న ఇంట్లో ఈ డబ్బా జాగ్రత్త, తియ్యగా ఉండే విషం ఇది" అన్నారు.

మీట ఒకటిలో పెట్టారు. చప్పుడు లేదు. అల్లుడి మొహం పాలిపోయింది. అద్దం దగ్గర చెయ్యి పెట్టిన కూతురు మాత్రం, "వస్తోంది!" అని అరిచింది. ఫ్యాను నిశ్శబ్దంగా తిరుగుతుందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

రెండు. మూడు. అద్దం మీద పొగ కింది నుంచి పైకి విడిపోయింది. అప్పుడు వెనక సీటు కింద నుంచి, సన్నగా, కీచుమని.

"అదేంటది?"

"వెనక ఇంకో హీటరుందండీ, సీటు కింద. దాని ఫ్యాను. ముందుది అరుస్తుంటే ఇది వినపడేది కాదు."

"అక్కడికి వెళ్ళాలంటే ఏం విప్పాలి?"

"సీటు ఎత్తి, పైమూత తీస్తే చాలు. నాలుగు స్క్రూలు."

పెద్దాయన మంకీ క్యాపు పైకి జరుపుకున్నారు. "అయితే నూనె గిన్నె పట్రండి అల్లుడుగారూ."