పానా, స్టాప్‌వాచీ

1960ల చివరి ఫార్ములా వన్ ఫొటోలు చూస్తుంటే, పిట్ దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్న ఒకావిడ మళ్లీ మళ్లీ కనిపిస్తారు. హెలెన్ స్టూవర్ట్. ఆవిడ భర్త జాకీ స్టూవర్ట్ 1969, 1971, 1973లలో ప్రపంచ ఛాంపియన్. ఇప్పటి కంప్యూటర్ టైమింగ్ లేని రోజులవి. ఏ కారు ఎంతసేపట్లో చుట్టు తిరిగిందో ఆవిడ చేత్తో రాసిన లెక్కంటే అందరికీ గురి. 2014లో ఆవిడకి ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అని తేలింది.

ఆ తర్వాత జాకీ ‘రేస్ అగైనెస్ట్ డిమెన్షియా’ అనే సంస్థ పెట్టారు. కెరీర్ మొదట్లో ఉన్న పరిశోధకులకి డబ్బివ్వడంతో పాటు, వాళ్లని ఫార్ములా వన్ టీముల దగ్గరికి తీసుకెళ్లి అక్కడి పనితీరు చూపించడం ఆ సంస్థ ప్రత్యేకత. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చిరాకేసింది. ఆఫీసుల్లో పిట్ స్టాప్ బొమ్మ పెట్టి టీమ్‌వర్క్ గురించి క్లాసు పీకే స్లైడ్లు నేను చాలానే చూశాను. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ వాళ్లు 1.80 సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చారు, నిజమే. కానీ అల్జైమర్స్‌లో మెదడులో మార్పులు మొదలవడానికీ, మతిమరుపు పైకి కనబడడానికీ మధ్య పదిహేను, ఇరవై ఏళ్లు గడుస్తాయి. లెకానెమాబ్ అనే మందుని దాదాపు 1,800 మంది మీద 18 నెలలు పరీక్షిస్తే తేలిందేమిటంటే, క్షీణత 27 శాతం నెమ్మదించిందని. ఆగిందని కాదు. ఇలాంటి జబ్బుకి 1.80 సెకన్ల వాళ్లు ఏం నేర్పుతారు?

ఈ అనుమానంతోనే పాత కథలు తవ్వడం మొదలుపెట్టాను. మోటార్ రేసింగ్ నుంచి వైద్యం నేర్చుకోవడం ఇదే మొదలేం కాదు. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో మార్టిన్ ఇలియట్, అలన్ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆపరేషన్లు చేసి అలసిపోయి టీవీలో రేసు చూస్తూ కూర్చున్నారు. పిట్ స్టాప్ చూడగానే వాళ్లకి తట్టింది: గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డని థియేటర్ నుంచి ఐసీయూకి అప్పగించేటప్పుడు మనమెందుకు ఇంత గందరగోళపడుతున్నాం? వెంటిలేటరు, సెలైన్లు, మానిటర్లు అన్నీ ఒక్కసారే మార్చాలి, ఆ హడావిడిలోనే బిడ్డ పరిస్థితీ చెప్పాలి. ఫెరారీ వాళ్లు ఆ అప్పగింత వీడియో చూసి పట్టుకున్నది వేగం గురించి కాదు. ఎవరు ముందుండి నడిపిస్తున్నారో తెలియట్లేదు అన్నారు. పిట్‌లో పొడుగాటి కర్రకి గుండ్రటి బోర్డు తగిలించుకుని కారు ముందు ఒకతను నిలబడేవాడు. అతను బోర్డు ఎత్తితేనే కారు కదలాలి. ఆసుపత్రిలో ఆ పని మత్తు డాక్టరుకి అప్పగించారు. 2007లో అచ్చయిన వాళ్ల అధ్యయనం ప్రకారం ఒక్కో అప్పగింతలో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కి, చెప్పకుండా వదిలేసిన విషయాలు 2.09 నుంచి 1.07కి తగ్గాయి. అప్పగింతకి పట్టే సమయం మాత్రం పెద్దగా మారలేదు. నాకు నచ్చింది అదే.

డిమెన్షియా పరిశోధనలో కూడా అప్పగింతలే ఎక్కువ. ఒక ల్యాబు చెప్పినదాని మీద ఇంకో ల్యాబు కడుతుంది. రేసులో తప్పు జరిగితే ఆ సాయంత్రానికే డేటా బల్ల మీద ఉంటుంది. ఇక్కడో? 2006లో ‘నేచర్’లో వచ్చిన ఒక అమిలాయిడ్ పేపర్ని వేలమంది ఉదహరించారు. అందులో బొమ్మలు దిద్దారని 2022లో ‘సైన్స్’ పత్రిక బయటపెట్టింది. పేపరు వెనక్కి తీసుకున్నది 2024లో. పద్దెనిమిదేళ్లు! మా ప్రొడక్షన్‌లో బగ్గు అన్నాళ్లుంటే ఏమవుతుందో నేను ఊహించలేను.

అయితే జాకీ జీవితంలో అసలు పాఠం పిట్‌లో లేదనుకుంటా. 1966 జూన్‌లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద, మొదటి చుట్టులోనే కుండపోత వాన. గంటకి 260 కిలోమీటర్లు దాటిన వేగంతో ఆయన కారు అదుపు తప్పి ట్రాకు బయట పడింది. ఒంటి నిండా పెట్రోలు, కాళ్లు కదలవు. దగ్గర్లోనే కార్లు జారి ఆగిపోయిన గ్రాహమ్ హిల్, బాబ్ బాండురంట్ పరిగెత్తుకొచ్చారు. స్టీరింగ్ ఊడదీస్తే గానీ మనిషి బయటికి రాడు, ఊడదీయడానికి పానా లేదు. ఒక ప్రేక్షకుడి దగ్గర అరువు తెచ్చారు. మొత్తం 25 నిమిషాలు పట్టింది. ఆనక అంబులెన్సు దారి తప్పింది.

ఆ తర్వాత ఆయన కారులో పానా అతికించుకుని తిరిగారు. బెల్టులు కావాలి, అడ్డుకట్టలు కావాలి, డాక్టర్లు కావాలి అని పోరాడారు. పిరికివాడన్నారు, ఆటలో మజా చెడగొడుతున్నాడన్నారు. రేసన్నాక చావులుంటాయి, అంతే అన్నది అప్పటి లోకరీతి. 1969లో మార్పులు చెయ్యకపోతే రామని డ్రైవర్లంటే స్పా రేసే రద్దయింది. 1973లో తన టీము కుర్రాడు ఫ్రాన్స్వా సెవెర్ వాట్కిన్స్ గ్లెన్‌లో చనిపోతే, తన నూరో రేసు ఆడకుండానే జాకీ తప్పుకున్నారు.

ఆ “అంతే” అన్న మాట నాకు బాగా పరిచయం. మా అమ్మమ్మ చివరి నాలుగేళ్లు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, సాయంత్రమైతే ఎప్పుడో పోయిన తన తమ్ముడు ఇంకా బడి నుంచి రాలేదని గుమ్మంలో నిలబడేది. చాదస్తం అన్నాం. వయసు మీద పడ్డాక అంతే అన్నాం. షుగరుకీ బీపీకీ నెలనెలా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, ఫైలు ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. మొన్న తీసి మొత్తం చదివాను. అందులో మతిమరుపు గురించి ఒక్క ముక్క లేదు. ఎవరం చెప్పలేదు.