కేన్సర్ చికిత్సా నిర్ణయమున చాట్‌బాట్ల ప్రామాణ్యము

వైద్యునకు యంత్రము సలహా చెప్పవలెనను కోరిక నేటిది కాదు. 1980వ దశకారంభముననే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, కేన్సర్ రోగుల కీమోథెరపీ క్రమమును నిర్దేశించుటకై ఆన్కోసిన్ అను ప్రోగ్రాము నిర్మింపబడి, అచ్చటి చికిత్సాలయమున వాడుకలోనికి వచ్చినది. నిపుణులు పొందుపరచిన నియమములే దానికి ఆధారము. నేటి చాట్‌బాట్లు అపారమైన గ్రంథరాశినుండి ఏ పదము వెంట ఏ పదము వచ్చుట సంభావ్యమో నేర్చి, ఆ నేర్పుతో వాక్యముల నల్లుచున్నవి. కావున వాని వచనము ఎంత ధారాళమైనను ఆ ధారాళత సత్యమునకు సాక్ష్యము కాజాలదు.

ఈ విషయమున బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి పరిశోధకులు 2023లో జామా ఆంకాలజీ పత్రికయందు ప్రకటించిన పరిశీలనము శ్రద్ధగా పఠింపదగినది. రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తుల కేన్సర్లకు సంబంధించిన 26 రోగవివరణలను నాలుగేసి తీరుల నడిగి, చాట్‌జీపీటీ యిచ్చిన 104 సమాధానములను అమెరికా జాతీయ సమగ్ర కేన్సర్ నెట్‌వర్కు వారి 2021 నాటి మార్గదర్శకములతో వారు సరిపోల్చిరి. 102 సమాధానములయందు కనీసమొక సరియైన చికిత్స కలదు. ఇంతవరకే చదివినవారు సంతోషింతురు. కాని ఆ 102లోనే 35 సమాధానములు మార్గదర్శకములకు పొసగని సూచనలను సైతము కలుపుకొనియున్నవి. మొత్తముమీద 13 సమాధానములలో అసలే మార్గదర్శకములందు లేని చికిత్సలు కల్పింపబడినవి. సమాధానము పూర్తిగా తప్పయినచో వైద్యుడు వెంటనే గుర్తించును. ఒప్పుల నడుమ, అదే స్వరమున, అదే నిబ్బరమున పలుకబడిన తప్పును గుర్తించుట నిపుణునకే కష్టము, రోగి బంధువునకు అసాధ్యము. సమాధానములను పరీక్షించిన కేన్సర్ వైద్యులందరును ఏకీభవించినది సుమారు 62 శాతము అంశములయందే యనునది నా దృష్టిలో ఆ పరిశీలనమున మిక్కిలి విలువగల ఫలితము. ఏ చికిత్సను దేనితో కలిపి యీయవలెనో సమాధానము స్పష్టము చేయకపోవుట అందులకొక కారణము. అందు పరీక్షింపబడిన చాట్‌జీపీటీ నమూనా నేడు పాతబడినది, నిజమే. కాని ఆ పరిశీలనము లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు.

ఒక ఉదాహరణమును దగ్గరగా చూతము. రొమ్ము కేన్సర్ బయాప్సీ రిపోర్టులో హెర్-2 అను ప్రోటీను పరీక్ష ఫలితము 3+ అయినచో అది పాజిటివు. 2+ అయినచో సందిగ్ధము. ఫిష్ అను మరియొక పరీక్ష జరిగి తీరవలెను. ట్రాస్టుజుమాబ్ అను ఖరీదైన మందు ఈయవలెనా వద్దా యనునది ఆ పరీక్షపై నాధారపడును. ఆ మందు గుండెను బలహీనపరచగలదు కనుక ముందుగా ఎకో పరీక్షయు చేయింతురు. ఆంగ్లముననున్న ఆ రిపోర్టును చేతబట్టుకొని, “మా అమ్మకు హెర్-2 ఉందట, ఏ మందు వాడాలి?” అని కుమారుడు తెలుగున అడిగెననుకొందము. ఆ ప్రశ్నలో 2+ లేదు, ఫిష్ లేదు, గుండె సంగతి లేదు. మందు పేరు వెంటనే చెప్పు యంత్రము, అది చెప్పినది పాఠ్యగ్రంథముల ప్రకారము సరియే యైనను, ఆ తల్లి విషయమున తప్పు చెప్పినట్లే.

అట్లని ఈ సాధనమును రోగి యింటినుండి బహిష్కరింపుమనుట నా అభిమతము కాదు. రద్దీగానున్న ఓపీలో వైద్యుడు వివరించుటకు తీరికలేని మాటలను అర్థముచేసికొనుటకును, మరునాడు అడుగవలసిన ప్రశ్నలను కూర్చుకొనుటకును అది నిజముగా తోడ్పడగలదు. శస్త్రవైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, పాథాలజిస్టు కలిసి కూర్చుండి రోగి వయస్సును, ఓపికను, ఇతర వ్యాధులను, ఖర్చును తూచి తేల్చు ట్యూమర్ బోర్డు పని మాత్రము దానికి అప్పగింపరాదు.

కావున ఇకముందు జరుగు పరిశోధనలయందు ఎన్ని సమాధానములు సరియైనవని లెక్కించుటతో తృప్తిపడక, వివరము చాలనప్పుడు ఎన్ని పర్యాయములు చాట్‌బాటు మందు పేరు చెప్పక ఎదురు ప్రశ్న వేసినదో లెక్కింపవలెను. ఫిష్ ఫలితము రాని రిపోర్టులను, ఎకో జరుగని రోగుల వివరములను బుద్ధిపూర్వకముగా అసంపూర్ణముగనే యుంచి, బంధువులు ఆడు తెలుగుననే అడిగి, ఈ లెక్కను మొదటి పట్టికగా ప్రకటింపవలెను.