ఎడతెగని నివాసం: సిలోను భారతీయుల పౌరసత్వ చరిత్ర

కాలాన్ని లెక్క చూసుకొనే పండుగ ఉగాది. పంచాంగం విప్పి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వింటాము. ఒడిశాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మరొక లెక్కతో మాత్రం ఎన్నడూ పని పడలేదు. మూడు తరాలుగా ఇక్కడ కాపురమున్నవారు సంక్రాంతికి శ్రీకాకుళం పోయి రెండు నెలలు ఉండి వచ్చినా, "నీవు ఈ దేశపు పౌరుడవేనా?" అని ఎవరూ అడగరు. మన రాజ్యాంగం దేశమంతటికీ ఒకే పౌరసత్వం ఇచ్చినది. సముద్రం దాటిపోయిన వారికి ఆ నిశ్చింత లేదు. ఊరికి పోయి ఎన్ని నెలలున్నావన్న ప్రశ్న వారి బ్రతుకులను ఎంతగా తారుమారు చేయగలదో పొరుగున ఉన్న సిలోను, అనగా నేటి శ్రీలంక, చరిత్ర చూపుతుంది.

పందొమ్మిదవ శతాబ్దంలో కాఫీ తోటల కొరకు, ఆ తరువాత తేయాకు తోటల కొరకు దక్షిణ భారతం నుండి కూలీలను అక్కడికి తీసుకొనిపోయారు. వారిలో తమిళులే అత్యధికులు, తెలుగువారు కొద్దిమంది. మన వాళ్ళు ఎక్కువగా బర్మా, మలయా, మారిషస్, నటాల్ దారులు పట్టారు. సిలోను దగ్గరి దేశం కాబట్టి అక్కడి కూలీలకు స్వగ్రామంతో సంబంధం తెగలేదు. 1914లో పాంబన్ వంతెన పూర్తయి, ధనుష్కోడి నుండి తలైమన్నారుకు స్టీమరు నడవసాగిన తరువాత రాకపోకలు మరింత సులభమైనవి. పురుడు కొరకు పుట్టింటికి, తల్లిదండ్రుల కర్మకు, కులదైవం మొక్కుకు, చెల్లెలి పెండ్లికి వచ్చిపోతూనే ఉండేవారు. వచ్చినవారు కొన్ని నెలలుండి మళ్ళీ తోటకే చేరేవారు. పని, కూలి, పిల్లలు పెరిగిన చోటు అన్నీ ఆ కొండల మీదనే.

1948 ఫిబ్రవరిలో సిలోను స్వతంత్రమైనది. అదే సంవత్సరం నవంబరు 15న పౌరసత్వ చట్టం అమలులోకి వచ్చినది. తండ్రి సిలోనులో పుట్టి ఉండాలి. లేదా తాత, ముత్తాత ఇద్దరూ అక్కడ పుట్టి ఉండాలి. జనన రిజిస్టరు కాగితాలు లేని తోట కూలీలకు ఇది దాటరాని గడప. వారి కొరకని 1949లో భారతీయ, పాకిస్తానీ నివాసుల పౌరసత్వ చట్టం మరొకటి వచ్చినది. మన కథకు అసలైన పట్టు ఈ చట్టంలో ఉన్నది.

దాని ప్రకారం వివాహితుడు 1946 జనవరి 1కి ముందు ఏడేండ్లు, అవివాహితుడు పదేండ్లు సిలోనులో ఎడతెగక నివసించి ఉండాలి. ఆ తేదీ నుండి దరఖాస్తు పెట్టే రోజు వరకు కూడా ఆ నివాసం సాగాలి. అప్పుడప్పుడు దేశం విడిచిపోతే, ఏ ఒక్క ప్రయాణమూ పన్నెండు నెలలు మించనంత వరకు నివాసం తెగినట్లు లెక్క కాదు. భార్య, మైనరు పిల్లల నివాసం గురించి కూడా నిబంధనలున్నవి.

చదివితే ఉదారంగానే కనబడుతుంది. స్వగ్రామం పోయిరావడానికి పన్నెండు నెలల గడువు తక్కువ కాదు గదా! చిక్కు మరొక చోట ఉన్నది. ఇతర దేశాలలో నివాసం తెగితే, తిరిగి వచ్చి మళ్ళీ మొదటి నుండి లెక్క ప్రారంభించవచ్చు. ఇక్కడ లెక్కించే ఏండ్లు అప్పటికే గడిచిపోయినవి. 1941లో పదమూడు నెలలు ఊరిలో ఉండిపోయినవాడు 1949లో ఏమి చేసి దానిని సరిదిద్దుకోగలడు?

పైగా అవి ఎటువంటి ఏండ్లో గమనించండి. వివాహితుని ఏడేండ్లు 1939 జనవరి 1తో మొదలవుతాయి. సిలోను ప్రభుత్వం తన శాఖలలోని భారతీయ దినకూలీలను తొలగించడంతో, 1939 ఆగస్టు 1 నుండి భారత ప్రభుత్వం సాధారణ కూలీలు సిలోను వెళ్ళడాన్ని నిషేధించినది. 1942లో ఆ నిషేధం కొంత సడలే వరకు, ఊరికి వచ్చిన కూలీ తిరిగి తోటకు పోవడం కష్టమైనది. ఆ 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేసినవి. మరునాడే మన విశాఖపట్నం, కాకినాడలకూ ఆ గతి పట్టినదని పెద్దలకు తెలుసు. విశాఖ నుండి ఇల్లు వదలి పోయినవారు మళ్ళీ ఇంటికి చేరారు. వారి పౌరసత్వం పోలేదు. అదే భయంతో కొలంబో నుండి భారతదేశం చేరి, సంవత్సరం దాటి తిరిగిపోయిన వానికి మాత్రం నివాసం తెగినట్లే. ఎన్ని నెలలని చట్టం అడిగినది. ఎందుకు పోయినావని అడగలేదు.

ఈ చట్టాలు వచ్చిన రోజులలో సిలోనులో భారతదేశపు ప్రతినిధి మన తెలుగువారే. బరంపురంలో 1894లో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమంలో పేరు గడించి, 1969లో రాష్ట్రపతియైన శ్రీ వి. వి. గిరిగారు 1947 నుండి 1951 వరకు ఆ పదవిలో ఉన్నారు. అంతకు ముందు 1947 డిసెంబరులో నెహ్రూ, సేనానాయకె గార్లు ఢిల్లీలో చర్చించినా అంగీకారం కుదరలేదు.

దరఖాస్తుల గడువు 1951 ఆగస్టు 5. సిలోను ఇండియన్ కాంగ్రెసు మొదట బహిష్కరించమని చెప్పి, పిమ్మట మనసు మార్చుకున్నది. సుమారు 2,37,000 దరఖాస్తులు వచ్చినవి; వాటిలో చేరిన జనం 8 లక్షల పైమాట. తుదకు పౌరసత్వం దక్కినది సుమారు 1,34,000 మందికి. తిరస్కారాలన్నిటికీ ఎడబాటే కారణం కాదు. ఆదాయము, స్థిరపడే ఉద్దేశము, సాక్ష్యాల లోపము కూడా అడ్డు వచ్చినవి. అయితే, ఎడతెగక ఉన్నామని రుజువు చేయడం కాగితం ముక్క దాచుకోవడం తెలియని కూలీకి అన్నిటికన్నా కష్టమైనది. తోట రిజిస్టరులో పేరుంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు.

అటు సిలోను పౌరులు కాక, ఇటు భారత పౌరులుగా నమోదు కాక మిగిలినవారు ఏ దేశమూ లేనివారైనారు. 1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావో గార్ల ఒప్పందం ప్రకారం 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని సిలోను తీసుకొనుటకు నిశ్చయమైనది. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగం పంచుకున్నారు. అట్లా వచ్చినవారికి నీలగిరి తేయాకు తోటలలో, కర్ణాటకలో పుత్తూరు, సుళ్యల రబ్బరు తోటలలో పని చూపారు. ఆ ప్రాంతాల మన సోదరులు వారిని ఎరుగుదురు.

చివరకు 2003లో శ్రీలంక, 1964 అక్టోబరు 30 నుండి అక్కడ స్థిరంగా ఉన్న భారత సంతతివారికి, వారి వారసులకు పౌరసత్వం ఇచ్చినది. 2009లో మరొక మెట్టు ఎక్కినది. పరిస్థితుల ఒత్తిడికి దేశం విడిచి భారతదేశంలో తలదాచుకున్నవారికి ఆ ఎడబాటు అడ్డు కారాదని చట్టం సవరించినది. 1949లో అడగని "ఎందుకు పోయినావు?" అన్న మాట అడగడానికి అరవై ఏండ్లు పట్టినది.

ఈ లెక్క ప్రతి దేశంలోనూ ఏదో ఒక రూపాన ఉన్నది. మన 1955 చట్టం పరదేశీయునికి పౌరసత్వం ఇచ్చేటప్పుడు దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలన్నది. అంతకు ముందటి ఏండ్లకు మొత్తం నివాసం చూస్తుంది. 2015 సవరణతో ఆ పన్నెండు నెలలలో ముప్పది రోజుల వరకు మినహాయించే వీలు కలిగినది. అమెరికాలో శాశ్వత నివాసి సామాన్యంగా ఐదేండ్లు ఉండాలి. ఆ కాలంలో ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగలేదని తానే రుజువు చేసుకోవాలి. ఏడాది నిండితే తెగినట్లే లెక్క.

నేడు మన పిల్లలూ సముద్రాలు దాటుతున్నారు. తల్లికి జబ్బు చేస్తే, తండ్రి కాలం చేస్తే రాకుండా ఉండలేరు. రావద్దని ఏ తల్లీ అనదు. పోయిన తేదీ, వచ్చిన తేదీ, టిక్కెట్టు, వైద్యుని కాగితం, జీతపు రసీదు భద్రపరచుకొమ్మని మాత్రం చెప్పండి. తోట కూలీకి ఆ మాట చెప్పే దిక్కు లేకపోయినది. మన పిల్లలకు చెప్పడానికి మనమున్నాము.