మింబర్ మాటకు జవాబు ఎవరిది?

మన దగ్గర ఎవరైనా ఎక్కువ జోరు చూపిస్తే "పెద్ద తుర్రం ఖానా?" అంటాం. ఆ తుర్రేబాజ్ ఖాన్ కథలోనే ఈనాటి సవాల్ ఒకటి దాగి ఉంది.

1857లో మక్కా మస్జిద్‌లో అంగ్రేజులపై గట్టి తఖ్రీర్లు సాగాయి. దివాన్ మొదటి సాలార్‌జంగ్ తిరుగుబాటు జమాదార్ చీదాఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. జులై 17న, జుమా నమాజ్ తర్వాత, తుర్రేబాజ్, మౌల్వీ అలావుద్దీన్ వెంట జనం కోఠీలోని రెసిడెన్సీపై దాడికి వెళ్లారు. ఓడిపోయారు. తుర్రేబాజ్ 1859లో షహీద్ అయ్యాడు. మౌల్వీ అండమాన్ ఖైదులోనే ఇంతెఖాల్ అయ్యాడు.

ఆ తఖ్రీర్లకు దివాన్‌ను ఎవరూ ముజ్రిమ్ చేయలేదు. అతని అమల్‌నే చూశారు. అంగ్రేజులు 1860లో రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ నిజాంకు వాపస్ ఇచ్చి, 50 లక్షల అప్పు మాఫ్ చేశారు. అవామ్ మాత్రం తుర్రేబాజ్ పేరునే నాలుక మీద నిలుపుకుంది.

అమెరికాలోనూ 2008లో పాస్టర్ జెరెమియా రైట్ ప్రసంగాలపై ఒబామాను నిలదీశారు. ఆయన దాక్కోలేదు. మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఆ మాటలను ఖండించాడు.

మన రామగుండంలోనూ ఇదే తరాజు ఉండాలి. ఖుత్బా విన్నందుకు ఏ లీడర్‌పైనా ఇల్జామ్ వద్దు. కానీ అవామ్ అడిగితే, ఆ మాట తనకు మంజూరో కాదో సాఫ్‌గా చెప్పాలి. మస్జిద్, గుడి, చర్చి, అన్నిటికీ ఒకటే ఇన్సాఫ్.